జుట్టుకూ ముఖానికీ పీఆర్‌పీ: మొదటి పరీక్ష నుంచి ఆరో నెల ఫొటో దాకా

"పీఆర్‌పీ చేయించుకుందామనుకుంటున్నాను, ముందు ఏం చేయాలి?" అని అడిగేవాళ్లు కొందరు. "మూడుసార్లు చేయించుకున్నాను, ఏ తేడా లేదు, ఎందుకంటారు?" అని అడిగేవాళ్లు ఇంకొందరు. ఈ రెండో ప్రశ్న విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. చాలాసార్లు పొరపాటు సూది పడకముందే జరిగిపోయి ఉంటుంది.

పీఆర్‌పీ అంటే ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా, మీ రక్తం నుంచే తీసిన ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న ద్రవం. చర్మవైద్యుల దగ్గర రక్తం తీసి, సెంట్రిఫ్యూజ్ (రక్తాన్ని పొరలుగా విడగొట్టే యంత్రం) తిప్పి, సిరంజిలు నింపి అందించే పని నాది. ఆ బల్ల పక్కన నిలబడి చూసినకొద్దీ ఒకటి బాగా అర్థమైంది. జుట్టు ఎందుకు రాలుతోందో సరిగ్గా తేల్చాలి. తీసిన రక్తాన్ని ట్యూబులో జాగ్రత్తగా చూసుకోవాలి. ఈ రెండూ కుదిరాకే సూదికి పని. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు వాటికే ఇచ్చాను. డాక్టరు ఎదురుగా కూర్చున్నప్పుడు ఏం అడగాలో, పక్కగదిలో ఏం గమనించాలో మీకు తెలియాలన్నదే నా ఆరాటం.

## 1. దీనితో ఏం అవుతుంది, ఏం కాదు

మీ రక్తాన్నే కొంచెం తీసి, గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న ప్లాస్మాను వేరుచేసి, తలలోకో ముఖంలోకో ఎక్కిస్తారు. ప్లేట్‌లెట్ల లోపలి రేణువుల్లో పీడీజీఎఫ్, వీఈజీఎఫ్, టీజీఎఫ్ బీటా లాంటి గ్రోత్ ఫ్యాక్టర్లు ఉంటాయి. దెబ్బ తగిలినచోట మాన్పుడు పని మొదలుపెట్టేది ఇవే. జుట్టు కుదురు చుట్టూ వీటిని వదిలితే వెంట్రుక పెరిగే దశ పొడవవుతుంది. చర్మంలో వదిలితే కొల్లాజెన్ (చర్మానికి బిగువునిచ్చే పదార్థం) తయారుచేసే కణాలు చురుకవుతాయి.

సన్నబడిన కుదురును ఇది బలపరుస్తుంది. పూర్తిగా పోయిన కుదురును మళ్లీ పుట్టించదు. అద్దం ముందు మంచి వెలుతురులో చూసుకోండి. పలచబడిన చోట సన్నటి నూగైనా ఉంటే ఆశ ఉంది. ఏళ్ల తరబడి నున్నగా మెరుస్తున్న చోట పీఆర్‌పీతో జుట్టు వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి.

ముఖం సంగతికొస్తే సన్నటి గీతలు, చర్మం గరుకుదనం, మొటిమల గుంటలు, కళ్ల కింద నలుపులో కొంత మెరుగు ఆశించవచ్చు. వేలాడే చర్మం, లోతైన మడతలు, బుగ్గలు లోపలికి పోవడం దీనితో సరికావు. మంగు మచ్చలకైతే ఇది నమ్మదగ్గ చికిత్స కాదు.

## 2. ముందు జబ్బు పేరు తేల్చుకోండి

మొత్తం ప్రక్రియలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇది. ఎక్కువమంది దాటేసేదీ ఇదే.

జుట్టు రాలడానికి కారణాలు చాలా ఉన్నాయి. పీఆర్‌పీ బాగా పనికొచ్చేది ప్రధానంగా ఒకదానికి: వంశపారంపర్యంగా, హార్మోన్ల ప్రభావంతో జుట్టు క్రమంగా సన్నబడటం. మగవాళ్లలో ఇది నుదుటికి రెండు పక్కలా, నడినెత్తిన కనిపిస్తుంది. ఆడవాళ్లలో ముందువరస అలాగే ఉండి పాపిడి వెడల్పవుతూ పోతుంది. తొలి, మధ్య దశల్లో ఉన్నవాళ్లకే ఫలితం బాగుంటుంది.

మిగతావాటి దారులు వేరు.

ఒక్కసారిగా కుచ్చులు కుచ్చులుగా రాలడం. తీవ్ర జ్వరం, ప్రసవం, పెద్ద ఆపరేషన్, త్వరగా బరువు తగ్గడం లాంటివి జరిగిన 2, 3 నెలలకు ఇది మొదలవుతుంది. కారణం తొలగిపోతే చాలామందిలో కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది. నాలుగు నెలల పసిబిడ్డను ఎత్తుకుని ఒకావిడ మా దగ్గరికి వచ్చారు. వేరేచోట అప్పటికే రెండుసార్లు పీఆర్‌పీ చేశారట. ప్రసవం ఎప్పుడైందని గానీ, రక్తం తక్కువగా ఉందా అని గానీ అక్కడ ఎవరూ అడగలేదు. ఆమెకు అప్పుడు కావలసింది ఐరన్, కాస్త ఓపిక. ఆ రెండు విడతల సూదిపోట్లూ ఊరికే భరించారు.

పేనుకొరుకుడు. నాణెమంత మేర గుండ్రంగా ఊడిపోతుంది. శరీర రోగనిరోధక వ్యవస్థే కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల వస్తుంది. దీనికి ముందు ఆలోచించే చికిత్సలు వేరే ఉన్నాయి.

మచ్చ కట్టే బట్టతల. తలలో మంట, నొప్పి, కుదుళ్ల చుట్టూ ఎరుపు, పొట్టు ఉంటే ఇది కాదని తేల్చుకునేదాకా పీఆర్‌పీ జోలికి వెళ్లకూడదు. బయాప్సీ (చిన్న చర్మపు ముక్క తీసి పరీక్షించడం) అవసరం కావచ్చు. ఇక్కడ ఆలస్యం చేస్తే కుదుళ్లు శాశ్వతంగా పోతాయి.

డాక్టరు ట్రైకోస్కోప్ అనే చిన్న భూతద్దం లాంటి పరికరంతో మీ తల చూడాలి. వంశపారంపర్య సమస్యలో ఒకేచోట లావు వెంట్రుకలూ సన్నవీ కలగలిసి కనిపిస్తాయి. అది చూడకుండా, దూరం నుంచి ఒక చూపు చూసి "ఆరు సిట్టింగులు" అని రాసిచ్చే చోట ఆగి ఆలోచించండి.

చేయించుకోవలసిన రక్తపరీక్షలు:

☐ పూర్తి రక్తకణాల లెక్క (హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్ల సంఖ్య ఇందులోనే ఉంటాయి)
☐ ఫెరిటిన్ (శరీరంలో ఐరన్ నిల్వ)
☐ థైరాయిడ్ (టీఎస్‌హెచ్)
☐ విటమిన్ డి, బి12
☐ నెలసరి క్రమం తప్పుతున్నా, ముఖం మీద వెంట్రుకలు పెరుగుతున్నా హార్మోన్ పరీక్షలు

ఇక్కడో మెలిక ఉంది. జుట్టు కోసమని చాలామంది బయోటిన్ మాత్రలు వేసుకుంటారు. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో థైరాయిడ్ ఫలితాలను తారుమారు చేస్తుంది. లేని థైరాయిడ్ ఉన్నట్టు చూపించగలదు. వేసుకుంటున్నట్టు ముందే చెప్పి, ఎన్ని రోజులు ఆపాలో అడిగి, ఆ తర్వాతే రక్తం ఇవ్వండి.

ముఖానికి ఇంత తతంగం ఉండదు. అయినా అసలు సమస్య గుంటలా, రంగా, ముడతలా అన్నది ఒక్క మాటలో రాయించుకోండి. ఆ మాటను బట్టే సూది లోతు మారుతుంది.

## 3. ఎవరు ఆగాలి

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు డాక్టరుకు చెప్పి, సరేనన్నాకే అడుగు ముందుకు వేయండి.

☐ ప్లేట్‌లెట్లు తక్కువగా ఉండటం, లేదా ప్లేట్‌లెట్ల పనితీరులో లోపం
☐ రక్తం పలచబరిచే మందులు వాడుతుండటం
☐ రక్తహీనత బాగా ఉండటం
☐ జ్వరం, ఒంట్లో ఎక్కడైనా ఇన్ఫెక్షన్. చేయబోయే చోట చీము, పుండు, ఎర్రటి మొటిమలు
☐ క్యాన్సర్ ఉండటం లేదా చికిత్సలో ఉండటం
☐ గర్భం, పాలిచ్చే కాలం
☐ గాయం మానాక మచ్చ ఉబ్బెత్తుగా పెరిగే తత్వం (కీలాయిడ్)
☐ మొటిమలకు ఐసోట్రెటినోయిన్ వాడుతుండటం లేదా ఇటీవలే ఆపడం
☐ పెదవుల దగ్గర తరచూ జ్వరపు పొక్కులు రావడం (ముఖానికి చేసే ముందు వైరస్ మందు ఇవ్వాల్సి రావచ్చు)

## 4. క్లినిక్‌లో అడగాల్సినవి

రక్తం ముట్టుకునే పని ఇది. శుభ్రత విషయంలో మొహమాటం అస్సలు వద్దు.

అమెరికాలోని న్యూ మెక్సికోలో ఒక స్పాలో ఇలాంటి ఫేషియల్ చేయించుకున్నవాళ్లకు హెచ్‌ఐవీ సోకిన సంగతి 2018లో బయటపడింది. అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2024లో దాని దర్యాప్తు వివరాలు ప్రచురించింది. పేరు రాయని రక్తపు ట్యూబులు వంటగట్టు మీద ఉన్నాయి. ఫ్రిజ్‌లో తిండి పక్కనే ఉన్నాయి. కవర్లు విప్పేసిన సిరంజిలు సొరుగుల్లో దొరికాయి. ఆ స్పాకు లైసెన్సు లేదు. మీ రక్తం మీకు చేటు చేయదు నిజమే. ఇంకొకరి రక్తం మీలోకి రాకుండా చూసుకోవాల్సింది మాత్రం ఇలాంటి చిన్న విషయాల దగ్గరే.

ఈ ప్రశ్నలు రాసుకుని వెళ్లండి:

☐ సూది వేసేది ఎవరు? డాక్టరా, డాక్టరు గదిలో ఉండగా శిక్షణ పొందినవారా?
☐ రక్తం ఎన్ని మిల్లీలీటర్లు తీస్తారు, చివరికి పీఆర్‌పీ ఎన్ని మిల్లీలీటర్లు వస్తుంది?
☐ ఒకసారి తిప్పుతారా, రెండుసార్లా?
☐ ట్యూబులు, సూదులు, మైక్రోనీడ్లింగ్ కార్ట్రిడ్జ్ (ముఖం మీద సన్నటి రంధ్రాలు చేసే సూదుల మొన) నా ఎదుటే కొత్తవి విప్పుతారా?
☐ ట్యూబు మీద నా పేరు నా ఎదుటే రాస్తారా?
☐ రాత్రిపూట ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?

రెండో ప్రశ్న వెనక చిన్న లెక్క ఉంది. రక్తంలో సగానికి కాస్త ఎక్కువ ప్లాస్మాయే. 20 మి.లీ. రక్తం తీసి, పైకి తేలిన ప్లాస్మా అంతా 10 మి.లీ. తీసుకుని "ఇదే పీఆర్‌పీ" అంటే, ఒక్క ప్లేట్‌లెట్ కూడా పోలేదనుకున్నా చిక్కదనం 2 రెట్లకు మించదు. సాధారణంగా కోరుకునేది 3 నుంచి 5 రెట్లు. మామూలు రక్తంలో మైక్రోలీటరుకు ప్లేట్‌లెట్లు 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా ఉంటాయి. పీఆర్‌పీలో 10 లక్షల దగ్గర ఉంటే బాగుంటుందని ఈ రంగంలో ఎక్కువగా అనుకునే మాట. కాబట్టి 20 మి.లీ. నుంచి 4 లేదా 5 మి.లీ. వచ్చిందంటే అర్థముంది. 10 మి.లీ. రక్తంతోనే తలంతా సరిపెడతామంటే ఎలాగో అడగండి.

పీఆర్ఎఫ్, జీఎఫ్‌సీ అనే పేర్లు కూడా వినిపిస్తాయి. పీఆర్ఎఫ్‌లో రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు కలపరు. అందుకే తిప్పిన కొద్ది నిమిషాల్లోనే వాడేయాలి. జీఎఫ్‌సీలో ప్లేట్‌లెట్ల నుంచి గ్రోత్ ఫ్యాక్టర్లను ట్యూబులోనే బయటికి రప్పించి ఆ ద్రవాన్ని ఎక్కిస్తారు. నన్నడిగితే పేరు కన్నా చేసే మనిషి జాగ్రత్తే ముఖ్యం.

## 5. వారం ముందు నుంచి

ఆస్పిరిన్ వేసుకుంటే అది తగిలిన ప్లేట్‌లెట్ చనిపోయేదాకా సరిగా పనిచేయదు. ప్లేట్‌లెట్ ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. అందుకే కనీసం వారం ముందు నుంచీ ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వద్దంటారు. తలనొప్పి వస్తే పారాసిటమాల్ వేసుకోవచ్చు.

గుండె కోసమో, పక్షవాతం రాకుండానో ఆస్పిరిన్ వాడేవాళ్లు మాత్రం సొంతంగా ఆపకండి. అది రాసిన డాక్టరును అడగండి. ఆపడానికి వీల్లేదంటే పీఆర్‌పీనే మానుకోవాలి. జుట్టు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

☐ చేప నూనె, వెల్లుల్లి గుళికలు, విటమిన్ ఇ లాంటివి వేసుకుంటుంటే డాక్టరుకు చెప్పండి
☐ పొగ మానండి. వారం మానినా నయమే, మళ్లీ మొదలుపెట్టకపోతే ఇంకా మేలు
☐ మద్యం 2, 3 రోజుల ముందే ఆపండి
☐ ముఖానికైతే రెటినాల్, ఆమ్లాలున్న క్రీములు 3 నుంచి 5 రోజుల ముందు ఆపండి
☐ ఎండలో కమిలిన ముఖంతో వెళ్లకండి. చుండ్రు ఎక్కువగా ఉంటే ముందు దానికి మందు వాడండి
☐ వ్యాక్సింగ్, బ్లీచ్, జుట్టుకు రంగు ఆ వారం వద్దు

ముందురోజు నుంచీ నీళ్లు బాగా తాగండి. నరం సులువుగా దొరుకుతుంది. ఆ రోజు ఖాళీ కడుపుతో వెళ్లకండి, కళ్లు తిరిగి పడిపోతారు. అలాగని నూనె ఓడేవి తిని వెళ్లినా ఇబ్బందే. ట్యూబు తిప్పాక ప్లాస్మా లేత పసుపుగా తేటగా ఉండాల్సింది పాలు కలిపినట్టు మసకగా వస్తుంది. రెండు గంటల ముందు తేలిగ్గా తిని వెళ్లడం మంచిది.

తలకైతే ఉదయమే స్నానం చేసి జుట్టు పూర్తిగా ఆరబెట్టుకోండి. నూనె, జెల్ రాయకండి.

## 6. ఫొటోలు: మీరే తీసుకోండి

జుట్టు నెలకు 1 సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. రోజూ అద్దంలో చూసుకునే కంటికి ఆ మార్పు అందదు. ఫొటోలు లేకపోతే ఆరు నెలల తర్వాత "వచ్చిందేమో" అన్న అనుమానం తప్ప చేతిలో ఏమీ మిగలదు.

ఒకే గోడ ముందు, ఒకే బల్బు కింద, పొడి జుట్టుతో, అదే చోట పాపిడి తీసి, చేయి చాచినంత దూరం నుంచి తీయండి. నుదురు, రెండు పక్కలు, నడినెత్తి, పాపిడి మీద నుంచి ఒకటి. ముఖానికి ఎదురుగా ఒకటి, రెండు వైపులా ఒక్కొక్కటి. గుంటలకైతే పక్కనుంచి వెలుతురు పడేలా తీస్తేనే లోతు తెలుస్తుంది. ఫోన్‌లో బ్యూటీ ఫిల్టర్ ఆపారా లేదా అని చూసుకోండి. కొన్ని ఫోన్లలో అది మనం పెట్టకపోయినా ఆన్‌లోనే ఉంటుంది.

## 7. రక్తం తీసినప్పటి నుంచి సిరంజి దాకా

మీరు కుర్చీలో కూర్చున్నారు. ఇక్కడి నుంచి కళ్లు తెరుచుకుని చూడండి.

మొదట పేరు. ఒకసారి పనిలో రద్దీగా ఉండి ఇద్దరి ట్యూబులు ఒకే స్టాండులో నిలబెట్టారు. ఒకదాని మీదా పేరు లేదు. "ఎడమవైపుది ఆయనదే, నాకు గుర్తుంది" అన్నారు పక్కనున్నవారు. నాకు చేతులు ఆడలేదు. రెండూ పారేసి, ఇద్దరికీ క్షమాపణ చెప్పి, మళ్లీ రక్తం తీశాం. ఇద్దరికీ కోపం వచ్చింది, వాళ్ల కోపంలో న్యాయముంది. ఆ రోజు నుంచి సూది పెట్టకముందే స్టిక్కర్ అతికించి, పేరు పేషెంటుతోనే చదివిస్తాను. మీ దగ్గర ఎవరూ చదివించకపోతే మీరే అడిగి చదవండి.

రక్తం తీయడం. మోచేతి మడతలోని నరం నుంచి నిదానంగా రావాలి. గట్టిగా లాగితే కణాలు పగులుతాయి. ట్యూబులో ముందే గడ్డకట్టకుండా ఆపే మందు ఉంటుంది. పీఆర్‌పీకి సాధారణంగా ఏసీడీ-ఏ లేదా సోడియం సిట్రేట్ వాడతారు. మామూలు రక్తపరీక్షలకు వాడే ఊదారంగు మూత ట్యూబులో ఈడీటీఏ ఉంటుంది. అది ప్లేట్‌లెట్ల ఆకారాన్ని దెబ్బతీస్తుంది, కాబట్టి దీనికి సాధారణంగా వాడరు.

నిండిన వెంటనే ట్యూబును మెల్లగా తలకిందులు చేసి లేపాలి, 5 నుంచి 8 సార్లు. కుదిపితే ప్లేట్‌లెట్లు అప్పుడే తెరుచుకుంటాయి. కలపడం మరిచిపోతే అడుగున గడ్డకడుతుంది. గడ్డకట్టిన ట్యూబును ఏం చేసినా బాగుచేయలేం.

తిప్పడం. సెంట్రిఫ్యూజ్‌లో ఎదురెదురు ట్యూబులు సమాన బరువుతో ఉండాలి. యంత్రం గడగడలాడుతుంటే బరువు కుదరలేదన్నమాట. రెండుసార్లు తిప్పే పద్ధతిలో మొదటిది నెమ్మదిగా: ఎర్రకణాలు అడుగుకు దిగుతాయి, ప్లేట్‌లెట్లు ప్లాస్మాలో మిగులుతాయి. ఆ ప్లాస్మాను వేరే ట్యూబులోకి తీసి రెండోసారి వేగంగా తిప్పుతారు. అప్పుడు ప్లేట్‌లెట్లు అడుగున చేరతాయి.

ట్యూబు బయటికి తీసినప్పుడు వెలుతురుకెదురుగా పట్టుకుని చూపించమనండి. మొదటిసారి తిప్పాక అడుగున ముదురు ఎరుపు, పైన లేత గడ్డిరంగు ప్లాస్మా ఉంటాయి. ఆ రెండిటి మధ్య పాలమీగడ పొర మందాన తెల్లటి గీత కనిపిస్తుంది. తెల్లకణాలూ కొన్ని ప్లేట్‌లెట్లూ ఉండే పొర అది. దానికి దగ్గరున్న ప్లాస్మాయే విలువైనది. పైనున్న భాగంలో ప్లేట్‌లెట్లు తక్కువ.

చివరి మెట్టు. రెండోసారి తిప్పాక పై ప్లాస్మాను చాలావరకు తీసేసి, అడుగున మిగిలిన 4, 5 మి.లీ.లో ప్లేట్‌లెట్లను మెల్లగా కలపాలి. ఇక్కడ తొందరపడి పైది మాత్రమే సిరంజిలోకి లాగితే, మీ తలలోకి వెళ్లేది దాదాపు ఉత్త ప్లాస్మాయే. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి అడిగేవాళ్లు ఉండరు. మీరు అడగండి: "అడుగున ఉన్నది కలిపారా?"

సిరంజిలోది లేత గులాబీ ఛాయలో ఉంటే ఫర్వాలేదు. ఎర్రగా ఉంటే ఎర్రకణాలు ఎక్కువ కలిశాయి, నొప్పీ వాపూ పెరుగుతాయి. మళ్లీ తిప్పమని అడగడంలో తప్పులేదు.

ప్లేట్‌లెట్లు తెరుచుకోవడానికి కొందరు ఎక్కించే ముందు కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. కలిపాక దాచకూడదు. మొదటి 10 నిమిషాల్లోనే గ్రోత్ ఫ్యాక్టర్లలో ఎక్కువ భాగం బయటికొచ్చేస్తుంది.

## 8. తలలో ఇంజెక్షన్

తల నెత్తిన నొప్పి ఉంటుంది, లేదనను. నుదుటి మీది నరాల దగ్గర మత్తు సూది వేస్తే చాలావరకు తగ్గుతుంది. ఐస్, వైబ్రేటర్ కూడా సాయపడతాయి. మత్తుమందును పీఆర్‌పీలోనే కలిపేయడం మంచిది కాదు, ప్లేట్‌లెట్ల పనితీరు తగ్గుతుంది.

క్రమం ఇలా ఉండాలి: తలను యాంటీసెప్టిక్‌తో తుడవడం, ఆరనివ్వడం, మత్తు, ఆ తర్వాత సన్నటి సూదితో సెంటీమీటరు దూరానికి ఒక చుక్క, ఒక్కోచోట సుమారు 0.1 మి.లీ. ఈ లెక్కన 5 మి.లీ.తో 50 చోట్ల వేయవచ్చు. తలంతా పలచగా చల్లే కన్నా పలచబడిన చోటే క్రమంగా వేయడం నయం. 15, 20 నిమిషాల్లో అయిపోతుంది.

కళ్లు మసకబారినా, చెమటలు పట్టినా వెంటనే చెప్పండి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెడతారు.

## 9. ముఖానికి

రెండు దారులున్నాయి: సూదితో చర్మంలోకి ఎక్కించడం, లేదా మైక్రోనీడ్లింగ్‌తో సన్నటి రంధ్రాలు చేసి పైన పూయడం. గుంటలకూ గరుకుదనానికీ రెండోది ఎక్కువ వాడతారు.

1. ముఖం కడిగి మత్తు క్రీము రాసి 30 నుంచి 45 నిమిషాలు ఉంచుతారు. ఇంట్లోనే రాసుకుని రమ్మంటే ఎంత మేర, ఎంతసేపో కచ్చితంగా అడగండి. ఎక్కువ మేర, ఎక్కువసేపు ఉంచితే మందు రక్తంలోకి పోతుంది. నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరు, తలతిరుగుడు వస్తే వెంటనే తుడిచేసి డాక్టరుకు చెప్పాలి.
2. క్రీమును పూర్తిగా తుడిచి యాంటీసెప్టిక్ పూస్తారు. మిగిలిపోయిన క్రీము సూది రంధ్రాల్లోంచి లోపలికి పోకూడదు.
3. కొత్త కార్ట్రిడ్జ్ విప్పి, నుదురు, కళ్ల చుట్టూ సుమారు 0.5 మి.మీ., బుగ్గల మీద 1 నుంచి 1.5 మి.మీ. లోతు పెడతారు. గుంటలకు ఇంకాస్త.
4. చర్మం సమంగా ఎర్రబడి, అక్కడక్కడ రక్తపు చుక్క కనిపిస్తే చాలు. ముఖమంతా రక్తం కారితేనే బాగా పనిచేస్తుందన్నది అపోహ.
5. పీఆర్‌పీని పూసి ఇంకనిస్తారు. ముఖం తుడిచేయకుండా పంపిస్తారు.

కనుబొమల మధ్య, ముక్కు పక్కన, కళ్ల కింద సూది వేసేటప్పుడు ఎంత జాగ్రత్తయినా ఎక్కువ కాదు. పొరపాటున రక్తనాళంలోకి పోయి చూపు పోయిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అరుదే. కానీ ఆ చోట్ల సూది పట్టేది అనుభవమున్న డాక్టరే కావాలని పట్టుబట్టండి.

ఇంట్లో సన్నటి సూదులుండే రోలర్ కొనుక్కుని, తెలిసినవాళ్ల చేత రక్తం తీయించుకుని చేసుకోవడం గురించి కూడా అడుగుతున్నారు. దయచేసి చేయకండి.

## 10. తర్వాతి మూడు రోజులు

తలకు:

☐ తలస్నానం మర్నాడు, గోరువెచ్చని నీళ్లతో, గోళ్లు తగలకుండా
☐ మినాక్సిడిల్ (జుట్టు కోసం తలకు రాసే మందు) వాడుతుంటే 24 గంటలు ఆపి మళ్లీ మొదలు
☐ చెమట పట్టే వ్యాయామం, ఈత, ఎండ 24 నుంచి 48 గంటలు వద్దు
☐ రంగు, స్ట్రెయిటెనింగ్ వారం దాకా వద్దు

ముఖానికి:

☐ మొదటి రాత్రి ముఖం మీద ఏ క్రీమూ వద్దు, మర్నాడు మృదువైన క్లెన్సర్, సాదా మాయిశ్చరైజర్
☐ మేకప్ కనీసం 24 గంటలు వద్దు
☐ రెటినాల్, విటమిన్ సి, ఆమ్లాలు 5 రోజుల తర్వాతే
☐ మర్నాటి నుంచి ఎస్‌పీఎఫ్ 30 లేదా ఎక్కువున్న సన్‌స్క్రీన్. ఛాయ ముదురుగా ఉన్నవాళ్లు ఇది మానితే నల్లమచ్చలు వస్తాయి
☐ పొట్టు రాలితే గిల్లకండి

రెండు చోట్లకూ వర్తించేది: నొప్పికి పారాసిటమాల్ మాత్రమే. వాపే మాన్పుడుకు మొదటి మెట్టు. ఐబుప్రొఫెన్ వేసి దాన్ని ఆపేస్తే చేయించుకున్నదానికి మనమే అడ్డుపడినట్టవుతుంది.

ఎరుపు, బిగుతు, కొద్దిపాటి వాపు 1 నుంచి 3 రోజులు మామూలే. తలలో వేసినప్పుడు వాపు నుదుటి మీదికి జారవచ్చు. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోండి.

వెంటనే ఫోన్ చేయాల్సినవి: చూపు మసకబారడం, భరించలేని నొప్పి, చర్మం పాలిపోవడం లేదా వలలా నీలిరంగు గీతలు, రోజురోజుకీ పెరిగే ఎరుపు, చీము, జ్వరం, ముఖం మీద పొక్కుల గుంపు. మొదటి మూడింటికి తెల్లారేదాకా ఆగకండి, అత్యవసర విభాగానికి వెళ్లండి.

## 11. ఎన్నిసార్లు, ఎప్పుడు చూడాలి

జుట్టుకు నెలకోసారి చొప్పున 3 సార్లు, తర్వాత 3 నుంచి 6 నెలలకోసారి అన్నది ఎక్కువమంది పాటించే పద్ధతి. ముఖానికి 4 నుంచి 6 వారాల ఎడంతో సుమారు 3 సార్లు.

మొదటి నెలలో ఏదో కనిపిస్తుందని వెతక్కండి. కొందరికి తొలి వారాల్లో ఇంకొంచెం రాలుతుంది కూడా. ముందు రాలడం తగ్గుతుంది, 3 నెలలకు వెంట్రుక లావు తెలుస్తుంది, 6 నెలలకు ఫొటోలో తేడా కనిపించాలి. కొల్లాజెన్ పేరుకోవడానికి కూడా 3 నెలలు పడుతుంది.

వంశపారంపర్య సమస్యను నడిపించే హార్మోన్ ప్రభావాన్ని పీఆర్‌పీ ఆపదు. అందుకే డాక్టర్లు మినాక్సిడిల్, మగవాళ్లకు ఫినాస్టరైడ్ లాంటివి తోడుగా రాస్తారు. పీఆర్‌పీ చేయించుకున్నాం కదా అని వాటిని ఆపేసినవాళ్లు మూడు నెలలకు ఇంకా దిగులుగా తిరిగి వస్తారు. ఫినాస్టరైడ్ గర్భవతులూ, గర్భం దాల్చే వీలున్నవాళ్లూ వాడకూడదు.

## 12. తేడా రాకపోతే ఎక్కడ వెతకాలి

మూడు విడతలైనా రాలుతూనే ఉంది. ఫెరిటిన్, థైరాయిడ్ మళ్లీ చూపించండి. ఈమధ్య జ్వరం, బరువు తగ్గడం, కొత్త మందు ఏమైనా ఉన్నాయా గుర్తు చేసుకోండి.

రాలడం ఆగింది, ఒత్తు పెరగలేదు. ఇది కూడా ఫలితమే. ట్రైకోస్కోప్‌తో వెంట్రుకల మందాన్ని మొదటి రోజుతో పోల్చమనండి.

విడతల మధ్య మూడు నాలుగు నెలలు గడిచాయి. మొదటి మూడూ దగ్గర దగ్గరగా పడకపోతే ప్రభావం నిలవదు. మూడు విడతలకూ వరుసగా రాగలిగే నెలల్లోనే మొదలుపెట్టండి.

ప్రతిసారీ ఎర్రటి ద్రవమే ఎక్కించారు, లేదా 10 మి.లీ. రక్తంతోనే సరిపెట్టారు. తయారీ పద్ధతి మార్చమనండి, కుదరదంటే చోటు మార్చండి.

ముఖం మీద నల్లమచ్చలు వచ్చాయి. తర్వాతి విడత వాయిదా వేయండి. సన్‌స్క్రీన్ క్రమం తప్పక రాసి, మచ్చలకు డాక్టరు రాసిన మందు వాడి, పూర్తిగా తగ్గాకే తక్కువ లోతుతో మళ్లీ మొదలుపెట్టమనండి.

ఆరో నెలలో అదే గోడ, అదే బల్బు, అదే పాపిడి. కొత్త ఫొటోలను పాతవాటి పక్కన పెట్టి, మిమ్మల్ని రోజూ చూడని ఒకరికి తేదీలు చెప్పకుండా చూపించండి. ఏది ముందుదో ఏది తర్వాతదో వాళ్లు చెప్పలేకపోతే నాలుగో విడతకు డబ్బు కట్టకండి. ఆ ఫొటోలే డాక్టరు ముందు పెట్టి, ఇంకేం చేయవచ్చో మాట్లాడండి.